బొమ్మలా, పొలమా? పది రోజుల్లో తేల్చుకోవాలి, కాస్త చెప్పండి

కొండమల్లి
మాది ఒడిశాలో పర్లాకిమిడి. ప్లస్ టూ సైన్సు అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు దొరికేలా ఉంది. ఇంకోపక్క భువనేశ్వర్ బీకే ఆర్ట్ కాలేజీకి కూడా పెడదామని కాయితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మా నాన్న సైన్‌బోర్డు పెయింటర్. ఒకప్పుడు మా బజారులో సగం షాపుల మీద పేర్లు ఆయన చేతివే, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాసేవారు. ఒడియా అక్షరం తల మీద గుండ్రం ఒక్క ఊపులో తిప్పేయాలి, మధ్యలో చెయ్యి ఆగిందంటే అక్కడ రంగు కట్టి మచ్చలా ఉండిపోతుందని నా చెయ్యి పట్టుకుని నేర్పించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి బోర్డులు ఎగిరిపోతే మళ్లీ రాయించుకుంటారు కదా, పని దొరుకుతుంది అనుకున్నాం. అందరూ ఫ్లెక్సీలు కట్టేశారు. ఇప్పుడు ఇళ్లకి డిస్టెంపర్ వేస్తున్నారు. వద్దనేది కూడా ఆయనే, బొమ్మ అన్నం పెట్టదమ్మా, నన్ను చూడు అంటారు.

అసలు చిక్కు ఏంటంటే నాకు అగ్రికల్చర్ అంటే అయిష్టం ఏమీ లేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పొలం ఉంది, సెలవలకి వెళ్తే అక్కడే ఉంటాను. పోయినేడు వరికి అగ్గితెగులు వస్తే ఆ ఆకులు కోసుకొచ్చి రోజుకొకటి బొమ్మ వేశాను. కండె ఆకారంలో మచ్చ, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు, రోజు రోజుకీ ఎలా సాగుతుందో. 14 బొమ్మలు అయ్యాయి. వేస్తున్నప్పుడు బొమ్మ మీద ఇష్టమా ఆకు మీద ఇష్టమా అని అడిగితే నాకే తెలీదు. రెండూ ఇష్టమైనవాళ్లు ఎలా తేల్చుకున్నారు?

లెక్కలమాస్టారు
అగ్రికల్చర్ తీసుకోమ్మా. ఇందులో పది రోజులు ఆలోచించేది ఏముంది. బొమ్మలు ఆదివారం వేసుకోవచ్చు. రాయగడలో 31 ఏళ్లు పాఠాలు చెప్పాను, బొమ్మలు బాగా వేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉండేవారు, ఇవాళ దాని మీద బతుకుతున్నవాడు ఒక్కడూ నాకు ఎదురుపడలేదు.

రోటో_కుర్రాడు
మాస్టారూ, వాళ్లందరికీ ఆదివారం వేసుకోమనే చెప్పారు కదా, ఇంక ఎదురుపడేది ఎలా

ధర్మాబాద్_మిర్చి
హహ. మాస్టారుకి గట్టిగ తగిలింది

లెక్కలమాస్టారు
తగిలిందిలే బాబూ. కానీ నా మాట మార్చుకోను. తండ్రి ఆ పనిలోనే జీవితం పెట్టి చెప్తున్నాడు, పక్కింటాయన చెప్పడం లేదు. ఆ మాటకి బరువు ఉంది.

కొమ్ముబొమ్మ
చెల్లీ మాదీ కిమిడే. మీ నాన్నగారు ఎవరో నాకు తెలిసే ఉంటుంది, మా షాపు పేరు కూడా ఆయనే రాసి ఉండొచ్చు.

మాది కొమ్ముపని చేసే ఇల్లు. కొమ్ముని నిప్పు మీద వేడి చేస్తే మెత్తబడుతుంది, ఆ మెత్తదనం కాసేపే, ఆ కాసేపట్లో కొంగ మెడ వంపు తిప్పేయాలి, చల్లారాక తిప్పితే పగులుతుంది. తర్వాత ఆకురాయి, తర్వాత నునుపు. ఆ కాలిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా జుట్టు మాడితే గుర్తొస్తుంది నాకు. 16 ఏళ్లకే మా నాన్న కన్నా బాగా తిప్పేవాణ్ని, ఆయనే అనేవారు. అప్పుడు ఒక వ్యాపారి వచ్చి ఈ కొంగ బాగుంది, ఇలాంటివే 200 కావాలి అన్నాడు. 60 చేసేసరికి నాకు కొంగ అంటే వెగటు పుట్టింది. మా నాన్న మాత్రం 200వ కొంగ కూడా మొదటిదానిలాగే చేశారు, చేస్తూ కూనిరాగం తీసేవారు. అప్పుడు తెలిసింది నాకు, పనివాడు ఆయన, నేను కాదు అని. ఇప్పుడు మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను, బాగానే ఉన్నాను, అన్నం తింటున్నాను.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ఆ తెగులు ఆకు బొమ్మ ఎవరో డబ్బులిచ్చి 200 వెయ్యమంటే వేస్తావా?

రోటో_కుర్రాడు
కొమ్ముబొమ్మ అన్న రాసింది చదివి కాసేపు పని ఆపేశాను. మాది జయపురం (కొరాపుట్), హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) కంపెనీలో ఉంటున్నాను. ఆర్ట్ అంటే అందరూ కాన్వాసు, ఎగ్జిబిషన్ అనుకుంటారు, నాలాంటివాళ్లకి దొరికే మొదటి పని రోటో. అంటే సినిమా షాట్‌లో మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి బొమ్మని వెనకదాని నుంచి విడదీయడం. సెకనుకి 24 ఫ్రేములు. గాలికి జుట్టు ఎగిరే షాట్ వచ్చిందంటే ఆ వారం ఇంక అదే. రెండున్నరేళ్లు చేశాను. మొదట్లో చేతికి 14 వేలు వచ్చేది. ఇప్పుడు ఆ పనిలో సగం సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, మాలో చాలామంది పక్క డిపార్ట్‌మెంట్లు నేర్చుకుంటున్నారు.

అయినా సరే నేను ఆర్ట్ వైపే అంటాను. 18 ఏళ్లకి చేతికి పట్టుబడేది 24కి అంత తేలిగ్గా పట్టుబడదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి రోజూ నాలుగు గంటలు వెయ్యడం కాలేజీలోనే అవుతుంది, ఇంట్లో ఎవరు కూర్చుంటారు మన కోసం.

ధర్మాబాద్_మిర్చి
నేను యార్డుల మిర్చి దళారీని, నాకు బొమ్మలు తెల్వయ్ కాని లెక్క తెల్సు. పంట వేసేముందు రైతును ఒక్కటే అడుగుత, ఈ ఏడు రేటు రాకుంటే ఇంకో ఏడు ఆగగల్గుతవా అని. ఆగలేనోడు మొత్తం మిర్చి వెయ్యొద్దు, సగం జొన్న వెయ్యాలె. చెల్లె ఇంట్ల ఎన్నేండ్లు ఆగగల్గుతరో అది చెప్పలే ఇంకా. ముందు అది చెప్పు, తర్వాత మేము మాట్లాడుతం.

కొండమల్లి
ధర్మాబాద్ అన్నా, ఎక్కువ ఆగలేం. తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. నాన్నకి పని ఉన్న రోజు 700, వానాకాలం నెలలో పది రోజులు కూడా ఉండదు. అమ్మ కుట్టుపని. నేను నాలుగేళ్లు చదవడం వరకూ ఎలాగో లాగుతామంటున్నారు, ఆ తర్వాత ఏదో ఒకటి రావాలి.

కొమ్ముబొమ్మ అన్నయ్యా, మీ ప్రశ్నకి రాత్రంతా ఆలోచించాను. 200 ఆకులు అయితే వేస్తాను, ఎందుకంటే ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. అదే ఆకుని 200 సార్లు అంటే వెయ్యను.

కొమ్ముబొమ్మ
ఇదీ జవాబు.

ప్రాణహిత_ఒడ్డు
నాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. బడిల డ్రాయింగ్ సార్‌ని. మా దగ్గర ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, నది దాటితే కాళేశ్వరం. బిడ్డా, నీ 14 బొమ్మల సంగతి చదివిన్నుంచి మనసు ఊకుంట లేదు.

మా మహారాష్ట్రల ఒక పద్ధతి ఉన్నది. బడి పిల్లలకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని రెండు డ్రాయింగ్ పరీక్షలు, కళా సంచాలనాలయం పెడ్తది. స్థిరచిత్ర అంటే ఎదురుంగ పెట్టిన కుండ, వంకాయ చూసి వెయ్యాలె. స్మరణచిత్ర అంటే సంతనో పండుగనో యాది చేసుకోని వెయ్యాలె. సంకల్పచిత్ర అంటే డిజైన్. ఇంకా జామెట్రీ, అక్షరాలు రాసుడు. ఇంటర్మీడియట్ల ఏ గ్రేడ్ వస్తె దహావీల, అంటే పదో తరగతిల, 7 మార్కులు కలుస్తయ్. నిజం చెప్తున్న, నా దగ్గరికి వచ్చే పిల్లలల్ల ఎక్కువమంది ఆ 7 మార్కుల కోసమే వస్తరు. పరీక్ష అయిన తెల్లారి రంగుల డబ్బ అటక మీద పెడ్తరు. ఎవ్వరు అడగకుండనే, మార్కులు లేకుండనే, ఒక ఆకును 14 దినాలు వేసిన పిల్ల నాకు ఇన్నేండ్ల సర్వీసుల దొరకలే.

నేను నాగ్‌పూర్ ప్రభుత్వ చిత్రకళా మహావిద్యాలయంల చదివిన. నౌకరి దొరకడానికి ఆరేండ్లు పట్టింది, ఆ ఆరేండ్లు పెండ్లి మండపాలకు పేర్లు రాసిన, గణపతులకు కండ్లు దిద్దిన. తప్పుగ అనుకోకు, భయపెట్టడానికి చెప్తలేను. ఆరేండ్లు అని ముందే తెల్సి ఉండాలె అని.

బరంపురం_అంచు
ఆర్ట్ అంటే పెయింటింగ్ ఒక్కటేనా? మా బరంపురంలో పట్టు నేసే వీధుల్లో పుట్టాను, మా పెద్దలు ఎప్పుడో తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేశారు. మా చీర అంచు ఫొడా కుంభం, గుడి గోపురంలా మెట్లు మెట్లుగా ఉంటుంది. దాన్ని గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ గీయాలి, ఒక్క గడీ తప్పితే మగ్గం మీద అంచు మొత్తం పక్కకి జరుగుతుంది. అది బొమ్మా, లెక్కా? నేను బర్గఢ్ హ్యాండ్‌లూమ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చేశాను, ఇప్పుడు ముగ్గురు నేతగాళ్లకి డిజైన్లు ఇస్తాను. గొప్పగా లేదు కానీ ఆగలేదు.

గంజాం జిల్లాలోనే ఖల్లికోటలో కూడా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది, భువనేశ్వర్ కన్నా మీకు దగ్గర. దానికీ పెట్టి చూడు.

శ్రీకాకుళం_సైడు
విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది కదా, తెలుగులో మాట్లాడుకుంటూ చదువుకోవచ్చు

రోటో_కుర్రాడు
ఉంది గానీ మనం ఒడిశాలో పుట్టి ఒడిశాలో చదివినవాళ్లం, అక్కడ నాన్‌లోకల్ అవుతాం. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. నేను ఆ కాగితాల చుట్టూ ఒక ఎండాకాలం అంతా తిరిగాను. ఇంట్లో తెలుగు, సర్టిఫికెట్‌లో ఒడిశా, ఆ బాధ ఇక్కడున్న మనందరికీ తెలుసు.

ప్రాణహిత_ఒడ్డు
మాకు గూడ అంతే. హైదరాబాద్ దగ్గర, దాఖలా ముంబైది.

లెక్కలమాస్టారు
అందరూ కాలేజీల పేర్లు చెప్తున్నారు, ఆ పిల్ల అడిగింది ఎలా తేల్చుకోవాలి అని.

శ్రీకాకుళం_సైడు
ఎందుకు ఇంత భయం? వ.పా. (వడ్డాది పాపయ్య) మా శ్రీకాకుళంలో పుట్టినాయన, చందమామ, యువ పత్రికల అట్టల మీద ఆయన బొమ్మల కోసం జనం ఎదురుచూసేవారు. బాపు న్యాయశాస్త్రం చదివి కూడా బొమ్మలే వేశారు. కళ ఉంటే దారి అదే దొరుకుతుంది

బల్లార్షా_అక్క
దొరకదు. క్షమించండి, ఆ మాట విని విని నాకు విసుగు. ఆ ఇద్దరి పేర్లు చెప్తాం, ఆ కాలంలోనే మంచిగ వేసి ఆగిపోయినోళ్ల పేర్లు ఎవరన్న చెప్తారా.

నేను ముంబై జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవాలని చిన్నప్పటి నుంచి అనుకున్న. 1857లో పెట్టింది అది, రాజమండ్రి దామెర్ల రామారావు అక్కడ చదివిండని మా నాన్న చెప్పేవాడు. బారావీ (పన్నెండో తరగతి) అయినంక ఇంట్ల పరిస్థితి చూసి బీకామ్ చేసిన, ఉద్యోగం చేసుకుంట ఆదివారం వేసుకుంట అనుకున్న. మొదటి ఏడు వేసిన. రెండో ఏడు పండుగలకు వేసిన. తర్వాత పెండ్లి, పిల్లలు. పోయిన దసరాకు బీరువా దులుపుతుంటే రంగుల ట్యూబులు దొరికినయ్, మూత తియ్యరాలేదు, పట్కారతో తిప్పితే ట్యూబే చిరిగింది, లోపల రంగు సుద్దముక్క లెక్క గట్టిపడ్డది. వంటింట్ల నిలబడి ఏడ్చిన. మాస్టారు గారు, ఆదివారం అనేది ఆడపిల్ల క్యాలెండర్ల ఉండదు. ఆ రోజే బట్టలు, ఆ రోజే చుట్టాలు.

లెక్కలమాస్టారు
అమ్మా, చదివాను. ఆదివారం అని అంత తేలిగ్గా అనకూడదు. నా శిష్యురాళ్లకి కూడా అలాగే చెప్పాను నేను.

గుణుపురం_అప్ప
బల్లార్షా అక్కా, మీ మాట కాదనడం లేదు కానీ నా సంగతి వేరేగా అయింది, అది కూడా చెప్పాలి కదా. నాను నర్సుని. ఆదివారం ఎప్పుడూ పెట్టుకోలేదు. రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించకముందు 40 నిమిషాలు, నైటు డ్యూటీ అయితే వచ్చాక. 11 ఏళ్లు. ఇంట్లో మొదట గొడవే, ఇప్పుడు మా ఆయనే టీ పెట్టి పక్కన పెడతారు.

మా చుట్టుపక్కల సవర ఊళ్లున్నాయి. వాళ్ల ఇళ్లల్లో ఇడితాల్ వేస్తారు, ఎర్రమట్టి పూసిన గోడ మీద తెల్లగా, మనుషులు, ఏనుగులు, చెట్లు, నిచ్చెనలు. అమ్మడానికి కాదు, ఇంటికి వచ్చే పెద్దల ఆత్మల కోసం, జ్వరమొస్తే, పంటకి, పురుడుకి. వేసే ఆయన పొద్దున్న పొలానికీ వెళ్తాడు. ఆయన్ని నువ్వు రైతువా ఆర్టిస్టువా అంటే ఏం చెప్తాడు? ఇప్పుడు అవే బొమ్మలు గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్ముతున్నారు, అదీ మంచిదే, నాలుగు రూపాయలొస్తున్నాయి. కానీ గోడ మీదది చూసినప్పుడు ఒళ్లు జలదరించినట్టు గుడ్డ మీదది చూస్తే అవదు నాకు.

ధర్మాబాద్_మిర్చి
ఆ అన్న టీ పెట్టిచ్చుడు మా ఇంట్ల చెప్పకండి ఎవ్వరు

వరిచేను
రెండు రోజులు ఊళ్లో లేను, ఆలస్యంగా చూశాను. నేను అగ్రికల్చర్ చదివినవాణ్ని, తెగుళ్ల మీదే పని. అమ్మాయీ, నువ్వు రెండిటినీ విడివిడిగా చూస్తున్నావు, అక్కడే చిక్కు పడుతోంది.

మొక్కల బొమ్మలు వెయ్యడం అనేదే ఒక పని, ఎప్పటి నుంచో ఉంది, మన నేల మీదే. రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన సామర్లకోటలో ఉండి మనవాళ్లని కూర్చోబెట్టి కోరమాండల్ తీరం మొక్కలు వేయించాడు. 1795లో లండన్‌లో పుస్తకంగా మొదలైంది, మొత్తం 300 బొమ్మలు. ఆకు ఈనె దగ్గర నుంచి గింజ కోత వరకూ ఉంటుంది. వేసిన చేతులు మనవి, పేరు డాక్టరుది, వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పటికీ కొత్త మొక్క దొరికిందని పేపరు రాస్తే ఫొటోతో పాటు గీత బొమ్మ ఇస్తారు, ఎందుకంటే ఫొటోలో ముందున్న ఆకు వెనకదాన్ని కప్పేస్తుంది, బొమ్మ వేసేవాడు ఏది చూపించాలో ఏది వదిలేయాలో ఎంచుకుంటాడు. నువ్వు అగ్గితెగులు మచ్చని చేసింది అదే.

అబద్ధం చెప్పను, దాని మీదే జీతం ఇచ్చే పోస్టులు చాలా తక్కువ. కానీ మొక్క తెలిసి బొమ్మ వేసేవాళ్లు ఇంకా తక్కువ. మా దగ్గర రైతుల కోసం వేసే పోస్టర్లు చూస్తే బాధేస్తుంది, అగ్గితెగులుకీ గోధుమరంగు మచ్చ తెగులుకీ ఒకే బొమ్మ పెడతారు, రైతు తప్పు మందు కొడతాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అగ్రికల్చర్ డిగ్రీ చేసి తర్వాత డిజైన్ వైపు వెళ్లొచ్చు, సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్షకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చేయొచ్చు. బీఎఫ్ఏ (ఆర్ట్ డిగ్రీ) చేసి ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌కి రాలేవు. ఒక తలుపు రెండువైపులా తెరుచుకుంటుంది, ఇంకోటి ఒకవైపే.

రోటో_కుర్రాడు
తలుపు తెరిచే ఉంటుంది సరే, నాలుగేళ్ల తర్వాత ఆ తలుపు దగ్గరికి వచ్చే చెయ్యి ఎలా ఉంటుంది? అది ఎవరూ చెప్పట్లేదు. అగ్రికల్చర్‌లో పొలం పని, ల్యాబు, రికార్డులు, ఊపిరాడదని నా రూమ్మేట్ చెప్పేవాడు.

వరిచేను
నిజమే. కానీ ఆ రికార్డుల్లో సగం బొమ్మలే, పురుగులు, వేర్లు, తెగుళ్లు. మా బ్యాచ్‌లో అందరం ఏడుస్తూ వేసేవాళ్లం, ఈ అమ్మాయి అవి ఇష్టంగా వేస్తుంది. అది చదువులోనే ఉంది, ఆదివారం మీద లేదు.

బల్లార్షా_అక్క
ఇది నాకు ఎవరన్న అప్పుడు చెప్పి ఉంటే.

గుణుపురం_అప్ప
అక్కా, 20 రూపాయలకి వాటర్ కలర్ బిళ్లలు దొరుకుతున్నాయి. ఈరోజే తెచ్చుకోండి. 40 నిమిషాలు వద్దు, పది.

బల్లార్షా_అక్క
తెస్త.

ప్రాణహిత_ఒడ్డు
నేను ఇంక ఆర్ట్ కాలేజ్ అనే అంటున్న, మాట మార్చలే. కాని బిడ్డా, ఎటు పోయినా నాయనకు ఆ 14 చూపించినవా?

కొండమల్లి
లేదు సార్. ఆయన బాధపడతారని దాచాను.

ప్రాణహిత_ఒడ్డు
చూపించు. చేతిపని చేసినాయనకు చేతిపని చూపించకుండ మాటలతోని ఒప్పిస్తవా?

కొండమల్లి
రాత్రి చూపించాను. అన్నం తినేసి గుమ్మంలో కూర్చుంటే ఒళ్లో పెట్టాను. ఏం మాట్లాడలేదు చాలాసేపు. ఒక్కొక్కటీ లైటు దగ్గరికి తీసుకెళ్లి చూశారు. తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగి, ఈనె ఇక్కడ వణికింది, ఊపిరి బిగబట్టి లాగావు కదా అన్నారు. నిజమే. తర్వాత లోపలికి వెళ్లి పాత బ్రష్షుల డబ్బా తెచ్చారు, మూడేళ్లుగా తెరవలేదు అది. వెంట్రుకలన్నీ కర్రలా అయిపోయాయి. కిరోసిన్‌లో నానబెట్టి, సబ్బుతో కడిగి, నోట్లో పెట్టుకుని మొన తీర్చారు. మూడు బ్రష్షులు బతికాయి. నా కాగితం మీదే ఒక ఈనె లాగి చూపించారు, మొదలు దళసరిగా, చివర వెంట్రుకంత, ఒక్క ఊపు.

వద్దన్నది బొమ్మని కాదమ్మా, నా బతుకుని అన్నారు. ఇంక నేనేం చెప్పలేకపోయాను.

అగ్రికల్చర్‌కే వెళ్తున్నాను. రోటో అన్నయ్యా, సిరోంచ సార్, మీ ఇద్దరికీ ఇది నచ్చదని తెలుసు. నేను రాజీపడి వెళ్లడం లేదు, ఆకులు నిజంగా కావాలి నాకు. వారానికి ఒక మొక్క పూర్తిగా, వేరు నుంచి గింజ వరకూ వేద్దామని నాన్నతో అనుకున్నాం. సెలవులకి వచ్చినప్పుడు ఆయన చూస్తారట. వరిచేను అన్నయ్యా, కాగితం ఏది కొనాలి?

రోటో_కుర్రాడు
నచ్చలేదు. కానీ ప్రతి మొక్కా ఇక్కడ పెట్టాలి, నేను చూస్తాను, తప్పులు చెప్తాను.

కొమ్ముబొమ్మ
చెల్లీ మీ నాన్నగారిని మా షాపుకి ఒకసారి రమ్మను. ఫ్లెక్సీ తీసేసి రేకు బోర్డు పెడదామనుకుంటున్నాను. ఒడియా, తెలుగు రెండూ రాయాలి.

వరిచేను
200 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) పైన ఉన్నది తీసుకో, నున్నగా ఉండాలి, గరుకుదాని మీద సన్నగీత చెదురుతుంది. మొక్క పీకిన వెంటనే వెయ్యాలి, గంట దాటితే ఆకు వాలిపోతుంది, తడిగుడ్డలో చుట్టి ఉంచుకో. ప్రతి బొమ్మ పక్కన ఒక సెంటీమీటరు ఎంతో గీత గీసి పెట్టు. ఊరు, తేదీ రాయి. కింద నీ పేరు రాయడం మాత్రం మర్చిపోకు.